తుడిచేసిన ఊపిరి

పొద్దున్నే టీ మరిగేలోపు ఆ ఇంట్లో ఒక ఊరు తగలబడేది, ఒక వంతెన కూలిపోయేది. ఇల్లాలికి అది అలవాటైపోయింది. ముందు గదిలో మాస్టారు తలుపు వేసుకుని కీబోర్డు ముందు కూర్చున్నారంటే, వారాంతంలో టీవీలో జరగబోయే యుద్ధం ముందుగా తన వంటింటి పక్కనే జరిగిపోతుందని ఆమెకు తెలుసు. మొదట డప్పులు వస్తాయి, వాటి వెనక బూరలు, ఆ తరవాత పొగ విడిపోయినట్టు ఒక సన్నటి ఏడుపు. ఆ ఏడుపు దగ్గర ఆమె ఎప్పుడూ పొయ్యి మంట తగ్గిస్తుంది. ఎందుకు తగ్గిస్తావని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పలేదు.

"అత్తయ్యా, ఈ రోజుతో యుద్ధం ఆఖరు," అన్నాడు అల్లుడు కప్పు అందుకుంటూ. "చివరి ఎపిసోడ్ రికార్డింగ్. రేపట్నించి మన ఇంట్లో శాంతే శాంతి."

"మీ మామయ్యగారున్న ఇంట్లో శాంతి ఎక్కడిది బాబూ? ఇది అయిపోతే ఇంకో యుద్ధం వెతుక్కుంటారు."

అతని భార్య, ఆ ఇంటి చిన్న కూతురు, చెప్పుల పట్టీ బిగించుకుంటూ గుమ్మంలోంచి అరిచింది. "అయితే ఆ కొత్త స్పీకర్లు తీసి ఎక్కడైనా పెట్టమను అమ్మా. హాల్లో కాపలా సిపాయిల్లా నిలబడ్డాయి. రోజూ వాటికి నా మోకాలు తగిలి నీలిరంగు తేలుతోంది."

"నువ్వే చెప్పు మీ నాన్నకి."

"నేనా? నాకింకా చాలా జీవితం ఉంది," అని నవ్వుతూ చిన్నది ఆఫీసు బస్సుకి పరిగెత్తింది.

ఆ స్పీకర్ల సంగతి ఇల్లాలికీ అర్థం కాలేదు. పాత టీవీకి వచ్చిన రోగమేమీ లేదు. సీరియల్ మొదలైన కొన్నాళ్ళకే మాస్టారు ఎవరితోనూ అనకుండా వెళ్ళి ఆ జంట స్పీకర్లు మోయించుకొచ్చారు. అంతటితో ఆగలేదు. సీరియల్ వచ్చే గంటసేపూ ఫ్యాను ఆపమంటారు, కిటికీలు వేయమంటారు. అందరూ చెమటలు కక్కుకుంటూ కూర్చోవాలి. ఎవరైనా దగ్గితే ఆయన తల తిప్పి చూసే చూపుకి దగ్గు గొంతులోనే చచ్చిపోయేది. తీరా ఎపిసోడ్ అయిపోగానే పేర్లు కూడా పడకముందే టీవీ కట్టేసి బాల్కనీలోకి వెళ్ళి నిలబడేవారు. కంచం ముందు కూర్చున్నా రెండు ముద్దలు కెలికి లేచిపోయేవారు. సంగీతం బాగుందని ఊరంతా అంటుంటే ఈయనకి ఈ దిగులేమిటో. కళాకారులంటే అంతేనేమో అనుకుని ఆమె కంచం తీసేది.

పనంతా ఇంట్లోనే జరిగేది. మాస్టారు సంగీతం రాసి పంపుతారు. ఎక్కడో దూరపు నగరంలో పెద్ద హాలులో ఒక వాద్యబృందం అది వాయిస్తుంది. వాయిస్తుండగా ఈయన ఇక్కడ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వింటూ, మైకులో అక్కడ బృందాన్ని నడిపించే కండక్టర్‌కి తప్పొప్పులు చెబుతారు. ఆ రికార్డింగు వెనక గదిలోని అల్లుడి కంప్యూటర్‌కి వస్తుంది. అల్లుడి పని శుభ్రం చేయడం. కుర్చీ కిర్రుమన్నా, కాగితం గరగరలాడినా, ఎవరి ఉంగరం వాయిద్యానికి తగిలినా తెర మీద వెతికి పట్టుకుని తుడిచేస్తాడు. "మా అల్లుడు చీపురు లేకుండా ఊడుస్తాడు," అని ఇల్లాలు ఇరుగుపొరుగుతో మురిపెంగా చెప్పుకునేది. పెళ్ళయి ఈ ఇంట్లో కాపురం పెట్టిన మొదటి రోజే మామగారు అతనికి ఒకే ఒక్క సూత్రం చెప్పారు. "పాటలో పాట తప్ప ఇంకేమీ వినపడకూడదు." అల్లుడు దాన్ని వేదంలా పట్టుకున్నాడు.

అల్లుడు చూడని మనిషి ఒకరున్నారు ఆ కుటుంబంలో. అతను కూర్చునే వెనక గది ఒకప్పుడు ఆ మనిషిదే. చప్పుడు బయటికి పోకుండా గోడలన్నిటికీ అల్లుడు మందపాటి స్పాంజి అతికించాడు గానీ కిటికీ పక్కన ఒక మేకు దగ్గర మాత్రం గుండ్రంగా కోసి వదిలేయాల్సి వచ్చింది. ఆ మేకు పీకొద్దని ఇల్లాలు అడిగింది. దానికి ఒకప్పుడు వయోలిన్ వేలాడేది.

అది పెద్ద కూతురి వయోలిన్.

పెద్దదానికి చిన్నప్పుడు ఉబ్బసం. చలికాలం వస్తే చాలు, గాలి అందక మంచం మీద లేచి కూర్చునేది. ఇల్లాలు దాని వీపు నిమురుతూ, "పీల్చుకో తల్లీ, తొందరేం లేదు. గాలి ఎక్కడికీ పోదు," అని అదే మాట తెల్లారేదాకా అంటూ ఉండేది. రోగం పెద్దయ్యాక తగ్గిపోయింది గానీ అలవాటు మిగిలింది. కమాను తీగ మీద ఆనించే ముందు ముక్కుతో ఒక్కసారి గట్టిగా గాలి పీల్చేది. వినపడేంత గట్టిగా. "అదిగో బుసమ్మ," అని మొదట్లో మాస్టారే ముద్దుగా పేరు పెట్టారు. పిల్ల పెరిగింది, తండ్రి బృందంలో ముందు వరసలోకి వచ్చింది. ముద్దు కాస్తా విసుగైంది. రికార్డింగుల్లో ఆ బుస పడుతోందని ఇంట్లో రోజూ గొడవ. మానుకోవాలని అది ప్రయత్నించేది. ఊపిరి బిగబట్టి వాయిస్తే చేతులు బిగుసుకుపోయేవి.

ఒక రోజు నిండు హాలులో, బృందమంతా కమానులెత్తి ఉండగా మాస్టారు బృందాన్ని నడిపించే పుల్లని బల్ల మీద పడేశారు.

"ఇది పాటా, పాముల బుట్టా? ఆ బుస ఆగితే గానీ నా సంగీతం మొదలవదు. లేచి బయటికి వెళ్ళు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వే ఎక్కువ కోసింది. పెద్దది లేచి వయోలిన్ పెట్టెలో పెట్టి, "ఊపిరి పీల్చని వాళ్ళని వెతుక్కోండి నాన్నా," అని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుంది. ఇల్లాలు గుమ్మానికి అడ్డం నిలబడింది. మాస్టారు ముందు గదిలోంచి బయటికే రాలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన తీసుకోవాలని చూసిన గుర్తు కూడా ఇల్లాలికి లేదు.

ఎప్పుడైనా ఫోన్ వచ్చేది. "బాగున్నానమ్మా. వాయిస్తున్నాను. తింటున్నాను." అంతే. ఏ ఊళ్ళో వాయిస్తోందో చెప్పేది కాదు. నాన్న అడిగారా అని అది అడగదు. ఫోన్ ఎవరని ఆయన అడగరు. ఇద్దరి మధ్యా ఇల్లాలు ఆరేసిన బట్టలా అటూ ఇటూ ఊగేది.

ఆ రోజు మధ్యాహ్నానికి రికార్డింగ్ అయింది. మాస్టారు ముందు గది తలుపు తీయలేదు. ఇల్లాలు ఆరిన బట్టలు మడతపెట్టి, అల్లుడివి అతని గదిలో పెడదామని వెళ్ళింది. లోపల అల్లుడు బల్ల కింద దూరి ఏదో తీగ వెతుకుతున్నాడు. కుర్చీ చక్రం హెడ్‌ఫోన్ల తీగ మీదికెక్కి దాన్ని ఊడదీసింది. కంప్యూటర్‌లో నడుస్తున్న రికార్డింగు ఒక్కసారిగా గదిలోకి పొంగింది.

డప్పులు. బూరలు. అంతా ఒక్క దెబ్బతో ఆగింది. నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఎవరో గాలి పీల్చారు.

ఇల్లాలి చేతుల్లోని చొక్కాలు జారిపోయాయి. ఆమెకు సంగీతం తెలియదు. ఏ స్వరం ఏదో ఏనాడూ తెలియదు. ఆ ఊపిరి మాత్రం తెలుసు. ఎన్ని చలికాలాలు దాని కోసం చెవులు రిక్కించి కూర్చుందో.

"అదేంటి బాబూ?"

"ఏది?" అల్లుడు తల బల్లకి కొట్టుకుని పైకి లేచాడు. "అదా? చెత్త అత్తయ్యా. ఎవరో వయోలా వాయించే ఆవిడ. వయోలిన్‌కి అక్కలాంటిదిలెండి, కాస్త పెద్దది, గొంతు లోతు. ఆవిడ బాగా వాయిస్తుంది గానీ ముందు ఇలా బుస్సుమంటుంది. మొదటి వారం నుంచీ నాకిదే గోల."

"నువ్వేం చేస్తావు?"

"ఏం చేస్తాను? తీసేస్తాను. అసలు మామయ్యగారు ఆ ఖాళీ పెట్టకపోతే నాకీ పనే ఉండేది కాదు."

"ఏం ఖాళీ?"

"విన్నారుగా. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఆవిడ ఒక్కతే వాయించే సోలో ముందు అందర్నీ ఆపేస్తారు. ఒక్క క్షణం పూర్తిగా నిశ్శబ్దం. అక్కడ చీమ చిటుక్కుమన్నా దొరికిపోతుంది. ఆ ఖాళీ లేకపోతే ఈ బుస డప్పుల్లో కలిసిపోయేది, ఎవరికీ వినపడేది కాదు. డైరెక్టర్ గారు కూడా మొత్తుకున్నారు, యుద్ధం మధ్యలో ఈ మౌనం ఏంటి, ఆ ఏడుపు వాయిద్యం ఏంటి అని. మామయ్యగారు వింటేగా!"

ఇల్లాలు మంచం అంచు మీద కూర్చుంది. అల్లుడు చొక్కాలు ఏరుతూ ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"ఏమైంది అత్తయ్యా? నీళ్ళు తేనా?"

"తీసేసినవన్నీ ఏం చేశావు నాయనా? పోయాయా?"

"అసలు రికార్డింగులు అలాగే ఉంటాయి. ఎందుకు?"

"ఒక్కసారి వినిపించు. అన్నీ. ఆ ఊపిరి ఒక్కటే చాలు."

అతనికి ఏమీ అర్థం కాలేదు. అయినా అత్తగారి గొంతులో ఏదో విని, ఒక్కో వారానిదీ కోసి వరసగా పేర్చాడు. మీట నొక్కాడు. గదిలో డప్పులు లేవు, బూరలు లేవు, యుద్ధం లేదు. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. ఆగి, మళ్ళీ పీలుస్తున్నారు. ఆ పాత గదిలో, ఆ మేకు కింద, ఒక మనిషి నిద్రపోతున్నట్టుంది. ఇల్లాలు కళ్ళు మూసుకుంది. చెయ్యి దానంతటదే దుప్పటిని నిమురుతోంది.

"మీ వదిన బాబూ అది," అంది కళ్ళు తెరిచి.

అల్లుడు మీట మీంచి వేలు తీయలేకపోయాడు. ఫోటోలో తప్ప ఎన్నడూ చూడని మనిషి. "మా వదినగారినా నేను ఇన్ని వారాలు..." తల పట్టుకున్నాడు. "అయ్యో! పని తెలిసినవాణ్ణని ఎంత శ్రద్ధగా తుడిచాను అత్తయ్యా. జాడ కూడా మిగల్చలేదు."

"ఈ వారానిది ఉంచెయ్యి."

"నేనా? సాయంత్రానికల్లా పంపాలి. మామయ్యగారు చెప్పకుండా ఎలా ఉంచుతాను? పాటలో పాట తప్ప..."

"ఆ పాటేదో నేనడుగుతాను ఆయన్ని," అని ఆమె లేచింది.

ముందు గదిలోకి ఇల్లాలు తలుపు తట్టకుండా వెళ్ళడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. మాస్టారు హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని ఖాళీ గోడకేసి చూస్తున్నారు. ఆమెను చూసి కాగితాలు సర్దుతున్నట్టు నటించారు.

"భోజనానికేనా? వస్తున్నాను పద."

"భోజనానికి కాదు. నా కూతురి ఊపిరి మీ ఇంట్లో చెత్తబుట్టలో పడుతోంది. అది చెప్పడానికొచ్చాను."

ఆయన చేతులు ఆగాయి. "ఎవరి ఊపిరో. వాయించేవాళ్ళు సవాలక్ష మంది ఉంటారు."

"సవాలక్ష మంది ఊపిరి నాకక్కర్లేదు. దానిది నాకు తెలుసు. మీకూ తెలుసు."

"నాకేం తెలీదు."

"అలాగా. అయితే ఆ ఖాళీ ఎందుకు పెట్టారు?"

"సంగీతంలో అలాంటివి ఉంటాయి. నీకు చెప్పినా తలకెక్కదు."

"నిజమే, ఎక్కదు. నాకు వంటిల్లే తెలుసు. వంటింట్లో ఎవరైనా ఖాళీ పీట వేశారంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చోవాలనే వేస్తారు. మీరు ప్రతి వారం పీట వేశారు. అది ప్రతి వారం వచ్చి కూర్చుంది. మన అల్లుడు ప్రతి వారం దాన్ని లేపి బయటికి పంపాడు. పాపం, వాడికి తెలీదు. తెలిసిన మీరేం చేశారు?"

మాస్టారు లేచారు. కోపం వచ్చినప్పుడు ఆయన గొంతు పైకి పోదు, కిందికి దిగుతుంది. "ఇల్లు వదిలి పోయింది ఎవరు? నేనా? ఫోన్ నీకు చేస్తుంది. ఒక్కనాడైనా నాన్న ఉన్నాడా పోయాడా అని అడిగిందా?"

"ఏ మొహంతో అడుగుతుందండీ? నలుగురిలో పాముల బుట్టన్నారు. గాలి అందక అల్లాడిన పిల్లని పట్టుకుని ఊపిరి పీల్చొద్దన్నారు! ఇప్పుడు అది అక్కడ టీవీ ముందు కూర్చోదనుకున్నారా? తను వాయించింది, నాన్న రాసింది, వినకుండా ఉంటుందా? ప్రతి వారం విని ఏమనుకుంటుంది? చేతులు కావాలి, ఊపిరి వద్దు. ఇంకా వద్దు. ఇన్నాళ్ళయినా వద్దు అనుకోదూ?"

ఆ మాటకి మాస్టారు కుర్చీ కోసం చేత్తో వెతుక్కుని కూర్చున్నారు. ఆమె ఇంకా చాలా అనాలని వచ్చింది. ఆయన భుజాలు వాలిపోవడం చూసి ఎదురుగా కూర్చుంది.

"మొదటి వారం విన్నాను," అన్నారాయన. "రాసిన దాంట్లో వయోలాకి పెద్ద పనేమీ లేదు. ఎక్కడో ఓ మూల నాలుగు స్వరాలు. వాటి ముందు... ఆ ఊపిరి. పెన్సిలు చేతిలోంచి పడిపోయింది. ఆ రోజు బయటికొచ్చి మంచినీళ్ళడిగాను, గుర్తుందా?"

"ఏమైందంటే ఏం లేదన్నారు."

"ఏమని చెప్పను? ఒకప్పుడు వయోలాని వెక్కిరించేవాణ్ణి, వయోలిన్ రానివాళ్ళు పట్టుకునేదని. అదే పట్టుకుంది. నా పిల్ల ఎంత బాగా వాయిస్తోందో తెలుసా? మైకు నా ముందే ఉంది. నొక్కి, ఎలా ఉన్నావమ్మా అంటే చాలు. నొక్కలేకపోయాను. అక్కడి కండక్టర్‌కి 'బాగుంది, తరవాతది' అని చెప్పాను." ఆయన మొహం తుడుచుకున్నారు. "నలుగురిలో అన్న మాట చాటుగా వెనక్కి తీసుకుంటే ఏం లాభం? నలుగురిలోనే తీసుకోవాలి. అందరూ వినే చోట దాని ఊపిరి వినిపించాలని ఖాళీ పెట్టాను."

"మరి ఉంచమని అల్లుడికి చెప్పొచ్చు కదా!"

"ఎందుకని అడిగితే? నా నోటితో నేనే కదా సూత్రం చెప్పింది. కాస్తయినా వదిలేసి ఉంటాడులే, మన పాత టీవీలో వినపడట్లేదేమో అనుకున్నాను."

ఇల్లాలు ఆయన్ని తేరిపార చూసింది. హాల్లో నిలబడ్డ ఆ రెండు సిపాయిలు గుర్తొచ్చాయి. ఆపేసిన ఫ్యాను, మూసిన కిటికీలు, చెమటలు, మింగేసిన దగ్గులు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"అందుకా ఆ స్పీకర్లు?"

"వాడు పనిమంతుడు," అన్నారు మాస్టారు దీనంగా. "నా అల్లుడు కదా. కడిగిన ముత్యంలా తుడిచేశాడు."

తలుపు దగ్గర పనిమంతుడు నిలబడి ఉన్నాడు. ఎంతసేపయిందో. ముక్కు ఎర్రగా ఉంది.

"మామయ్యగారూ, పంపే టైమయింది. ఏం చేయమంటారు?"

మాస్టారు పెద్ద మాటలేమీ వెతుక్కోలేదు. "వదిలెయ్ బాబూ. ఊపిరి కూడా పాటే," అన్నారు.

ఇంకాసేపటికే డైరెక్టర్ ఫోన్ చేశాడు. అతను ఫోన్‌లో మామూలుగా మాట్లాడినా పక్కింటికి వినపడుతుంది. "మాస్టారూ! క్లైమాక్స్ అండీ! సైనికుడు ఇంటి తలుపు మీద చెయ్యేస్తాడు, సరిగ్గా అక్కడ ఎవరో ముక్కు ఎగబీల్చినట్టుంది. అల్లుడుగారు మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదు. నేనే ఉంచమన్నాను."

"జనం నవ్వుతారు సార్!"

"ఇంతకు ముందు ఒకసారి నవ్వారులెండి. ఈసారి నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. అది తీసేయాలంటే నా పేరు కూడా తీసేసి వేసుకోండి."

"అసలు ఎవరిదండీ అది?" అన్నాడు డైరెక్టర్ గొంతు తగ్గించి.

"మా పెద్దమ్మాయిది."

ఆ రెండు మాటలు ఆ ఇంట్లో ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. ఇల్లాలు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున కరువుతీరా ఏడ్చింది.

తరవాత రోజులు ఆమెకు నడవలేదు, పాకాయి. ఫోన్ చేతిలోకి తీసుకునేది, పెట్టేసేది. "నువ్వే చేసి చెప్పొచ్చు కదమ్మా, వినమని," అంది చిన్నది. సంగతంతా తెలిశాక అది స్పీకర్లని తిట్టడం మానేసింది, తగిలితే మోకాలే రుద్దుకుంటోంది. ఇల్లాలు తల అడ్డంగా ఊపింది. అలా చెబితే ఇన్నాళ్ళలాగే మళ్ళీ అమ్మ ఫోన్ అవుతుంది. ఆ పిల్ల చెవి ఒగ్గి కూర్చున్నది అమ్మ కోసం కాదు. ఆ నిజం కాస్త గుచ్చుకుంది గానీ, గుచ్చుకున్న చోటే ఉంచుకుంది.

ఒకవేళ ఈ వారం వినదేమో. విసిగిపోయి మానేసిందేమో. వినే వేళకి కరెంటు పోతుందేమో. తల్లి మనసుకి అనుమానాలు ఒకరు నేర్పాలా?

ఆ సాయంత్రం ఫ్యాను ఆపమని ఎవరూ చెప్పలేదు. అల్లుడే వెళ్ళి ఆపాడు. చిన్నది కిటికీలు వేసింది. మాస్టారు ఎప్పటి కుర్చీలో కాకుండా ఇల్లాలి పక్కన సోఫాలో కూర్చున్నారు. తెర మీద యుద్ధం అయిపోతోంది. కాలిపోయిన ఊళ్ళోంచి ఒక సైనికుడు నడిచొస్తున్నాడు. డప్పులు అతని వెంటే వస్తున్నాయి, బూరలు వస్తున్నాయి, తీగలన్నీ కలిసి పెద్ద అలలా లేస్తున్నాయి. అతను తన ఇంటి ముందు ఆగాడు. తలుపు మీద చెయ్యి వేశాడు. తోయలేకపోతున్నాడు. లోపల ఎవరున్నారో, ఉన్నారో లేదో.

సంగీతమంతా ఒక్కసారిగా ఆగింది.

ఆ ఖాళీలో, రెండు స్పీకర్ల మధ్యనుంచి, ఒక మనిషి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అది ఆ సైనికుడిదే అన్నట్టుంది. తలుపు తోయడానికి ధైర్యం కూడదీసుకున్నట్టుంది. ఎవరూ నవ్వలేదు. వయోలా మొదలైంది. తలుపు తెరుచుకుంది.

మాస్టారు ఇల్లాలి చెయ్యి పట్టుకున్నారు. పిల్లల ముందు ఆయన అలా పట్టుకోవడం ఆమె ఎరగదు.

ఈసారి టీవీ కట్టేయలేదు. పేర్లు పడ్డాయి. నటుల పేర్లు, మాస్టారి పేరు, అల్లుడి పేరు, బృందంలో వాయించినవాళ్ళ పేర్లు చీమల బారులా. వయోలాల వరసలో పెద్దదాని పేరు వచ్చి వెళ్ళింది. "అదిగో అదిగో!" అని చిన్నది లేచి గెంతింది, మళ్ళీ స్పీకర్‌కి తగిలి "అబ్బా!" అంది. ఆ తరవాత ప్రకటనలు వచ్చాయి. సబ్బు ప్రకటన, బిస్కెట్ల ప్రకటన. అందరూ వాటినే చూస్తూ కూర్చున్నారు.

ఫోన్ మోగింది.

ఇల్లాలు గబుక్కున తన ఫోన్ అందుకుంది. అది మోగట్లేదు. మోగుతున్నది మాస్టారి జేబులోది.

ఆయన తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. హలో అనలేదు. అవతలివాళ్ళూ అనలేదు. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఫోన్‌లోంచి వచ్చిన ఆ ఊపిరి అందరికీ వినపడింది.

"బుసమ్మా," అన్నారాయన.

"తీయలేదేం నాన్నా?" అంది పెద్దది. "ఇన్ని వారాలు తీసేశారు కదా. ఈసారి తీయలేదేం?"

"బుద్ధి ఆలస్యంగా వచ్చిందమ్మా. నీకక్కడ... ఇబ్బందేం కాలేదు కదా, ఆ చప్పుడుకి?"

"ఎందుకు కాలేదు? వారం వారం ఇక్కడి కండక్టర్‌తో తిట్లే. ఆ అలవాటు నాకు ఎప్పుడో పోయింది నాన్నా. వచ్చిన కొత్తలోనే మానుకున్నాను. ఇప్పుడెవరి సంగీతానికీ అలా పీల్చను." గొంతు సవరించుకుంది. "కాగితాల మీద మీ పేరు చూశాక, హెడ్‌ఫోన్లలో వింటుంటారని తెలిశాక, కావాలనే పీల్చాను. ఇక్కడున్నానని చెబుదామని. తరవాతి వారం నా సోలో ముందు ఖాళీ వచ్చింది. విన్నారనుకున్నాను. టీవీలో చూస్తే లేదు. అయినా ప్రతి వారం పీలుస్తూనే ఉన్నాను."

మాస్టారి నోరు తెరుచుకుంది గానీ చప్పుడు రాలేదు. జీవితమంతా చప్పుళ్ళు పేర్చిన మనిషి. ఫోన్ తీసి ఇల్లాలి చేతిలో పెట్టి, మొహం రెండు చేతుల్లో దాచుకున్నారు. అల్లుడు వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ఏం చేయాలో తెలియక ఆయన భుజం మీద లేని దుమ్ము తుడిచాడు.

ఇల్లాలు ఫోన్ చెవికి ఆనించుకుంది. ఎప్పుడు వస్తావని అడగాలి. గది అలాగే ఉందని, మేకు తీయలేదని చెప్పాలి. అవతల పెద్దది ఏడుస్తోంది. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య గాలి అందక ఎగబీలుస్తోంది, అచ్చం చిన్నప్పటిలాగే.

"అమ్మా... నేను... వచ్చే వారం..."

"పీల్చుకో తల్లీ," అంది ఇల్లాలు, ఖాళీ చేత్తో సోఫా దిండు నిమురుతూ. "పీల్చుకో. తొందరేం లేదు."